మంచు కింద నీళ్ళు నడుస్తున్నాయని పైనుంచి ఎలా పట్టుకున్నారంటే

మన వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందు జెట్టీ మీద నిలబడితే చీకట్లో నీళ్ళు సరిగ్గా కనపడవు, కానీ బోటు అంచు జెట్టీకి ఎంత కిందుందో చూసి అక్కడి జాలర్లు పోటు వస్తోందో పాటు తీస్తోందో టక్కున చెప్పేస్తారు. నీళ్ళని చూడక్కర్లేదు, నీళ్ళ మీద తేలేదాన్ని చూస్తే చాలు. అంటార్కిటికాలో కిలోమీటర్ల మందం మంచు కింద నీళ్ళు ఒకచోట్నుంచి ఇంకోచోటికి పోతున్నాయని శాటిలైట్లు పట్టుకున్నది కూడా అచ్చం ఇలాగే.

అంత చలిలో నీళ్ళెక్కడివి అని ముందు డౌట్ వస్తుంది. అక్కడ వోస్టోక్ అనే రష్యా స్టేషన్‌లో 1983 జులైలో మైనస్ 89.2 డిగ్రీలు రికార్డయింది మరి. కానీ అదంతా పైన. అడుగున భూమి లోపలి వేడి కొద్దికొద్దిగా పైకొస్తుంటుంది, దాన్ని బయటికి పోనీకుండా ఆ మంచే దుప్పటిలా కప్పేస్తుంది, పైగా అంత బరువు కింద మంచు సున్నా కంటే తక్కువ డిగ్రీల్లోనే కరిగిపోతుంది, రాయి మీద రాసుకుంటూ జారే చోట రాపిడి వేడి ఇంకా తోడవుతుంది.

1960ల చివర్నుంచి కేంబ్రిడ్జ్ స్కాట్ పోలార్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు విమానాల్లో రాడార్లు పెట్టుకుని తిరిగారు. కొన్నిచోట్ల అడుగు నుంచి సిగ్నల్ అద్దం మీద పడి వచ్చినంత స్ట్రాంగ్‌గా, చదునుగా వచ్చేది. 1973 నాటికి అలాంటివి 17 సరస్సులు లెక్క తేల్చారు. తర్వాత ఈఆర్‌ఎస్-1 శాటిలైట్ వోస్టోక్ దగ్గర మంచు పైభాగం వింతగా చదునుగా ఉందని చూపించింది, 1996కల్లా కింద దాదాపు 250 కిలోమీటర్ల పొడవు సరస్సు ఉందని తేలింది, అంటే ఇక్కడ బస్సెక్కితే రాజమండ్రి దాటి ఇంకా పోవాలి అంత.

అయినా అప్పటిదాకా చాలామంది అనుకున్నది ఏంటంటే ఇవి మూత బిగించిన డబ్బాల్లాంటివి, నీళ్ళు వేల ఏళ్ళుగా కదలకుండా ఉన్నాయి అని. అది తప్పని తేలడమే ఈ కథలో అసలు ఘట్టం.

2006లో లండన్‌కి చెందిన శాస్త్రవేత్త డంకన్ వింగమ్ టీమ్, ఈఆర్‌ఎస్-1 తర్వాత వచ్చిన ఈఆర్‌ఎస్-2 శాటిలైట్ పాత డేటా తిరగేశారు. తూర్పు అంటార్కిటికాలో ఒకచోట మంచు ఉపరితలం దాదాపు 3 మీటర్లు కిందికి దిగింది, అదే టైంలో అక్కడికి సుమారు 290 కిలోమీటర్ల దూరంలో వేరే చోట్ల పైకి లేచింది. ఒకచోట దిగి ఇంకోచోట లేవాలంటే కింద నీళ్ళు పారితేనే కుదురుతుంది కదా. లెక్క వేస్తే 16 నెలల్లో 1.8 ఘన కిలోమీటర్ల నీళ్ళు, మన భాషలో చెప్పాలంటే 63 టీఎంసీల పైన, మనూరికి నీళ్ళిచ్చే ఏలేరు రిజర్వాయర్ నిండితే 24 టీఎంసీలు, అలాంటివి రెండున్నర. పైన మనిషి నిలబడినా ఏమీ తెలిసేది కాదు.

మరుసటేడు, 2007లో హెలెన్ ఫ్రికర్ అనే శాస్త్రవేత్త టీమ్ ఇంకా స్పష్టంగా చూపించారు. వాళ్ళ చేతిలో ఉన్నది 2003లో నాసా పంపిన ఐస్‌శాట్ అనే శాటిలైట్, అది లేజర్ వెలుగు కిందికి కొట్టి తిరిగి రావడానికి పట్టిన టైం కొలుస్తుంది, సెకనులో వందకోట్లో వంతు తేడా వస్తే ఎత్తులో 15 సెంటీమీటర్ల తేడా అన్నట్టు. ఒకే దారిలో మళ్ళీ మళ్ళీ వెళ్ళినప్పుడు వచ్చిన ఎత్తుల గీతలు ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే పశ్చిమ అంటార్కిటికాలో విలన్స్ మంచు ప్రవాహం (చుట్టూ ఉన్న మంచు కంటే వేగంగా జారే మంచు పాయ) దగ్గర ఒక్కచోట గీతలు కలవట్లా, మూడేళ్ళలోపు 9 మీటర్లు పడిపోయింది. మూడంతస్తుల బిల్డింగ్ ఎత్తు! ఆ గీతల బొమ్మ నేను మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను.

2009లో ఇలా నిండి ఖాళీ అయ్యేవి 124 అని లిస్ట్ వచ్చింది, ఆ ఏడాదే ఐస్‌శాట్ పని ఆగింది. యూరప్ వాళ్ళ క్రయోశాట్ 2005లో రాకెట్ ఫెయిలై పోతే వదిలెయ్యకుండా మళ్ళీ కట్టి 2010లో పంపారు, అది రాడార్ కాబట్టి మబ్బులున్నా పనిచేస్తుంది. 2013 జనవరిలో అదే విలన్స్ ప్రవాహం కింద ఉన్న విలన్స్ సరస్సు మీద 800 మీటర్ల మంచుకి వేడినీళ్ళతో కన్నం పెట్టి దిగితే నిజంగానే నీళ్ళున్నాయి, అందులో బతికున్న సూక్ష్మజీవులు కూడా ఉన్నాయి.

సరే, మనకేంటి అంటే. ఈ నీళ్ళు నేరుగా సముద్రంలో కలిసినంత మాత్రాన మట్టం పెరిగేది లెక్కలోకి రానంత తక్కువ. భయం వేరే. నీళ్ళు అడుగున జారుడు తెప్పిస్తాయి, అంటార్కిటికాలోనే బర్డ్ గ్లేసియర్ అనే మంచు నది కింద సరస్సులు ఖాళీ అయినప్పుడు 2005 చివర్నుంచి 2007 మొదలు దాకా దాని స్పీడు సుమారు 10 శాతం పెరిగింది. అంటార్కిటికా మంచు మొత్తం కరిగితే సముద్రం 58 మీటర్లు లేస్తుంది, అది మన కాలంలో జరిగేది కాదు, కానీ అందులో ఎంత ఎప్పుడు జారుతుందో చెప్పాలంటే కింద నీళ్ళ సంగతి తెలియాలి. ఆర్‌కే బీచ్ కోతని మాత్రం దీనికి ముడిపెట్టకండి, అక్కడ ప్రధానంగా హార్బర్ గోడలు ఇసుక దారి ఆపడం వల్ల వచ్చిన గొడవ అది, రెండూ కలిపేస్తే రెండిటికీ అన్యాయమే.

2025లో క్రయోశాట్ పదేళ్ళ డేటా నుంచి ఇంకో 85 బయటపడి, మధ్యలో దొరికినవి కూడా కలిపి లెక్క 231కి చేరింది. కానీ నిండటం మొదలైన దగ్గర్నుంచి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా చూడగలిగినవి ఇప్పటికి 48 సార్లే. అదే ఏడాది జులై 30న మన శ్రీహరికోట నుంచి నైసార్ అనే రాడార్ శాటిలైట్ వెళ్ళింది, ఇస్రో, నాసా కలిసి చేసింది, 12 రోజులకోసారి అదే చోటికి తిరిగొచ్చి నేల ఎన్ని సెంటీమీటర్లు కదిలిందో చూస్తుంది, అంటార్కిటికా మంచు కూడా అది చూసేవాటిలో ఉంది.