సముద్రంలో కోస్ట్ గార్డ్, ఒడ్డున ఎవరు?

2025 మే 25న లైబీరియా జెండాతో నడిచే ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే కంటెయినర్ ఓడ కేరళ తీరానికి అవతల మునిగిపోయింది. ఓడలో 640 కంటెయినర్లున్నాయి, వాటిలో 13 ప్రమాదకర సరుకువి. ఇంధన ట్యాంకుల్లో 84 టన్నుల డీజిల్, 367 టన్నుల ఫర్నేస్ ఆయిల్ ఉంది. సిబ్బంది 24 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ చమురు బయటికొస్తే ఏ ఒడ్డుకు, ఎన్ని గంటల్లో చేరుతుందన్న అంచనా హైదరాబాద్‌లో తయారైంది. దగ్గరి సముద్రం కూడా రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరమున్న ఊళ్లో, నిజాంపేట పక్కన ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థలో.

1999లో మొదలైన ఈ సంస్థ పేరు మనవాళ్లకు ఎక్కువగా సునామీ హెచ్చరికలప్పుడే వినిపిస్తుంది. చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు చెప్పేదీ, అలల ఎత్తు చెప్పేదీ ఇదే. చమురు తెట్టు ఎటు పోతుందో చెప్పే సేవ వీటితో పోలిస్తే పెద్దగా ఎవరికీ తెలియదు. ఎప్పుడు, ఎక్కడ ఒలికింది, ఏ రకం చమురు, ఎంత అన్న వివరాలిస్తే గాలి, ప్రవాహాల అంచనాలను జోడించి, అమెరికా సంస్థ నోవా తయారుచేసిన నోమ్ అనే కంప్యూటర్ మోడల్‌తో లెక్క వేస్తారు. తెట్టు నీటి ప్రవాహం వెంట పోతూనే, గాలి వేగంలో సుమారు 3 శాతం వేగంతో గాలి వాలుకు జరుగుతుంది. డీజిల్ అయితే చాలావరకు ఆవిరైపోతుంది. ఫర్నేస్ ఆయిల్ అంత తేలిగ్గా పోదు. నీటిని పీల్చుకుని మడ్డిలా ముద్దకడుతుంది.

తెట్టు ఎక్కడుందో పైనుంచి చూసే వీలూ ఉంది. చమురు పరుచుకున్న చోట చిన్న అలలు అణిగిపోతాయి, రాడార్ ఉపగ్రహ చిత్రంలో ఆ మేర నల్లగా కనిపిస్తుంది. అలాంటి ఉపగ్రహ సమాచారాన్ని అందుకుని విశ్లేషించే జాతీయ కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ కూడా మన బాలానగర్‌లోనే ఉంది. దాని గ్రౌండ్ స్టేషన్ షాద్‌నగర్‌లో.

అంటే సాంకేతికంగా మనకు పెద్ద లోటు లేదు. చిక్కంతా ఆ అంచనా చేతికొచ్చాక ఎవరు కదలాలన్న దగ్గరే మొదలవుతుంది. దానికి కారణం తెలియాలంటే చట్టాలు పుట్టిన వరస చూడాలి. ఈ రంగంలో దాదాపు ప్రతి చట్టమూ ఏదో ఒక ప్రమాదం జరిగాక, ఆ ప్రమాదానికి సరిపడా రాసుకున్నదే.

1967 మార్చి 18న టోరీ కాన్యన్ అనే ట్యాంకర్ ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తీరం దగ్గర రాళ్లను గుద్దుకుంది. దాన్లో దాదాపు లక్షా ఇరవై వేల టన్నుల ముడి చమురుంది. అదీ లైబీరియా జెండా ఓడే. ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. తెట్టు మీద వేల టన్నుల డిటర్జెంట్ చల్లారు. సముద్రజీవులకు చమురు కంటే అదే ఎక్కువ హాని చేసిందని తర్వాత తేలింది. చివరికి బ్రిటన్ తన వైమానిక దళంతో ఓడ మీద బాంబులు వేయించింది. అయినా చమురు ఫ్రాన్స్ తీరానికీ చేరింది.

పరిహారం కథ ఇంకా విచిత్రం. మునిగిన ఓడ యజమాని కంపెనీకి చెప్పుకోదగ్గ ఆస్తంటే దాని సోదరి ఓడలే. వాటిలో ఒకటైన లేక్ పలూర్డ్ సింగపూర్‌లో ఆగినప్పుడు బ్రిటన్ తరఫున కోర్టు నోటీసు తీసుకెళ్లి దాని మీద అంటించారు. ఫ్రాన్స్ అదే ఓడను రోటర్‌డామ్‌లో పట్టుకుంది. చివరికి రెండు దేశాలకూ కలిపి 30 లక్షల పౌండ్లు దక్కాయి.

ఆ అనుభవం నుంచే 1969లో రెండు అంతర్జాతీయ ఒప్పందాలు వచ్చాయి. తన తీరానికి ముప్పుంటే బయటి జలాల్లోని పరాయి ఓడ మీదా చర్య తీసుకునే హక్కు తీర దేశానికి ఒకటి ఇచ్చింది. తప్పెవరిదన్న వాదనతో పనిలేకుండా ట్యాంకర్ యజమానే నష్టం కట్టాలని రెండోది చెప్పింది. యజమాని కట్టింది చాలకపోతే ఆదుకునే అంతర్జాతీయ నిధి ఒప్పందం 1971లో కుదిరింది. దానికి డబ్బు కట్టేది ప్రభుత్వాలు కాదు, సముద్రం మీదుగా ఏడాదికి లక్షన్నర టన్నులకు మించి చమురు అందుకునే కంపెనీలు. మన దేశంలోని రిఫైనరీ కంపెనీలు దానికి పెద్ద చందాదారులే. ఓడలు మామూలుగా నడిచేటప్పుడు సముద్రంలోకి వదిలే చమురును కట్టడి చేసే మార్పోల్ ఒప్పందం 1973లో వచ్చింది.

స్పందన గురించి, అంటే ఎవరు ముందు కదలాలి, పరికరాలు ఎక్కడుండాలి అన్నదాని గురించి ప్రపంచం కూర్చుని మాట్లాడింది మాత్రం 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ అనే ట్యాంకర్ ప్రమాదం తర్వాతే. ప్రతి దేశానికీ ఒక జాతీయ ప్రణాళిక, ఒక బాధ్యతగల సంస్థ ఉండాలన్న ఓపీఆర్‌సీ ఒప్పందం 1990లో సిద్ధమైంది. భారత్ అందులో 1997లో చేరింది.

మన దగ్గర కోస్ట్ గార్డ్ చట్టం 1978లో వచ్చింది. సముద్ర పర్యావరణాన్ని కాపాడటం దాని విధుల్లో ఒకటని అప్పుడే రాశారు. అయినా చమురు కాలుష్యం బాధ్యత ఓడల వ్యవహారాలు చూసే శాఖ దగ్గరే కొన్నేళ్లుండి, 1986 మార్చిలో కోస్ట్ గార్డ్ చేతికొచ్చింది. 1993 జనవరిలో మలక్కా జలసంధి ముఖద్వారం దగ్గర మేర్స్క్ నావిగేటర్ అనే ట్యాంకర్ ఢీకొని, తెట్టు నికోబార్ వైపు కదిలింది. అదే ఏడాది నవంబర్‌లో జాతీయ చమురు విపత్తు ప్రణాళికకు కార్యదర్శుల కమిటీ ఆమోదం తెలిపింది. అది అమల్లోకి వచ్చింది 1996లో.

ఈ ప్రణాళిక నీటిని వాటాలు వేసింది. ఓడరేవు హద్దుల్లో ఒలికితే రేవు యాజమాన్యం చూసుకోవాలి. సముద్రంలోని చమురు బావులు, తీరంలోని రిఫైనరీలు, వాటి పైపులైన్ల చుట్టూ 500 మీటర్ల దాకా ఆయా కంపెనీలదే బాధ్యత. ఇవి పోగా మిగిలిన సముద్రం కోస్ట్ గార్డ్‌ది. 700 టన్నుల దాకా ఒలికే చమురును ఎదుర్కోగల సామగ్రిని రేవులు, కంపెనీలు తమ దగ్గరే పెట్టుకోవాలి. ఒడ్డుకు చేరిన చమురును ఎత్తిపోయడం తీర రాష్ట్రాలది. జిల్లా యంత్రాంగం, కాలుష్య నియంత్రణ మండలి కలిసి చేయాలి.

కాగితం మీద ఖాళీ కనిపించదు. కానీ చూడండి, తెట్టు పాకకుండా నీటి మీద అడ్డంగా వేసే బూములు, దాన్ని పైపైన తోడే స్కిమ్మర్లు, శిక్షణ పొందిన మనుషులు, ఓడలు, విమానాలు అన్నీ నీటి మీద బాధ్యత ఉన్నవాళ్ల దగ్గరే ఉన్నాయి. ఎక్కువ మంది బతుకులు ఆధారపడ్డ చోటు, అంటే ఇసుక, వలలు, పడవలు ఉండే ఒడ్డు, ఏ సామగ్రీ లేని శాఖల వంతుకొచ్చింది. నా ఉద్దేశంలో మొత్తం ఏర్పాటులో బలహీనమైన చోటు ఇదే.

2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నై పక్కన ఎన్నూరు కామరాజర్ రేవు దగ్గర ఇది బయటపడింది. రేవు నుంచి బయటికెళుతున్న బీడబ్ల్యూ మేపుల్ అనే గ్యాస్ ఓడ, లోపలికొస్తున్న డాన్ కాంచీపురం అనే ట్యాంకర్ ఢీకొన్నాయి. చమురేమీ ఒలకలేదన్నది రేవు వైపు నుంచి వచ్చిన తొలి మాట. తర్వాత ఏదో కొద్దిగా అన్నారు. చివరికి లెక్క రెండు వందల టన్నుల దాకా వచ్చింది. ఆలోగా నల్లటి మడ్డి దక్షిణంగా జరిగి మెరీనా దాటిపోయింది. మురుగు తోడే యంత్రాలు తెస్తే వాటి గొట్టాలకు ఆ మడ్డి ఎక్కలేదు. విద్యార్థులు, మత్స్యకారులు, పోలీసులు, వాలంటీర్లు బకెట్లతో, చేతులతో తోడిపోశారు. చాలామందికి చేతి తొడుగులు కూడా లేవు.

ఆ ఒలికింది 700 టన్నుల లోపే, అదీ రేవు సమీపంలోనే. ప్రణాళిక ప్రకారం చూస్తే అన్నిటికంటే తేలికగా అదుపు చేయాల్సిన రకం ప్రమాదం. తొలి గంటల్లో ‘ఏమీ లేదు’ అన్న మాట వల్ల మిగతా సంస్థలన్నీ ఆలస్యంగా కదిలాయి. ఇన్‌కాయిస్ మోడల్‌కైనా ముందు కావాల్సింది ఎంత ఒలికిందన్న అంకె. అది తప్పయితే తెట్టు పోయే దారి తెలిసినా, వచ్చేది ఏపాటి ముప్పో ఎవరూ అంచనా వేసుకోలేరు.

ఇక డబ్బు సంగతి. 1969 నాటి పరిహార ఒప్పందమూ, దాన్ని సవరించి తెచ్చిన 1992 నాటి ఒప్పందమూ చమురు మోసే ట్యాంకర్ల కోసం రాసినవి. ఎల్సా 3 లాంటి కంటెయినర్ ఓడ ఇంధనం ఒలికితే అవి పనికిరావు. అందుకోసం 2001లో బంకర్ ఒప్పందమని వేరేది వచ్చింది. అందులో చేరడానికి మన కేంద్ర మంత్రివర్గం 2015లో గానీ ఆమోదం తెలపలేదు. కంటెయినర్లలోని రసాయనాల వల్ల జరిగే నష్టానికి రాసిన మరో అంతర్జాతీయ ఒప్పందమైతే ఎల్సా మునిగేనాటికి అమల్లోకే రాలేదు.

ఇలాంటప్పుడు తీర రాష్ట్రం చేతిలో మిగిలే ఆయుధం లేక్ పలూర్డ్ నాటిదే, ఓడను పట్టుకోవడం. మన దేశంలో ఆ అధికారం గురించిన పెద్ద తీర్పు హైదరాబాద్ హైకోర్టులో మొదలైన కేసు నుంచే వచ్చింది. 1984లో ఎంవీ ఎలిజబెత్ అనే విదేశీ ఓడ గోవాలోని మార్మగోవా రేవు నుంచి సరుకు పత్రాలు ఇవ్వకుండానే వెళ్లిపోయింది. అదే ఓడ విశాఖ రేవులోకి రాగానే, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో దాన్ని అక్కడ నిలిపేశారు. ఇంగ్లిష్ వాళ్ల కాలపు 1861, 1890 నాటి చట్టాల ప్రకారం ఓడల కేసులు వినే అధికారం బొంబాయి, కలకత్తా, మద్రాసు హైకోర్టులకే ఉందనీ, హైదరాబాద్‌కు లేదనీ ఓడ తరఫువాళ్లు వాదించారు. స్వతంత్ర దేశపు హైకోర్టుల అధికారాన్ని ఆ పాత చట్టాలకు కట్టేయలేమని 1992లో సుప్రీంకోర్టు తేల్చింది. అది సరుకు తగాదా, చమురుతో సంబంధం లేదు. అయినా తర్వాత ఓడల కేసులన్నిటికీ దారి వేసిందదే. ఓడల కేసుల కోసం తెచ్చిన 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం పాత చట్టాలను రద్దుచేసి, ఈ కేసులు వినే ఎనిమిది హైకోర్టుల్లో అప్పటి హైదరాబాద్ ఉమ్మడి హైకోర్టునూ చేర్చింది. 2019 జనవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విడిగా అమరావతిలో ఏర్పడింది.

కేరళ ఆ చట్టం కిందే 9,531 కోట్ల రూపాయలు కోరుతూ దావా వేసి, విళింజం రేవుకొచ్చిన మరో ఎంఎస్‌సీ ఓడ అకిటేటా 2ను నిలిపించింది. తర్వాత కోర్టు 1,227 కోట్లకు పైగా పూచీకత్తు అడిగింది. ఎల్సా మునిగిన మూడు నెలల్లోపే, 2025 ఆగస్టులో, 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం స్థానంలో కొత్తదాన్ని పార్లమెంటు ఆమోదించింది. బిల్లు చాలాకాలంగా నలుగుతున్నదే కాబట్టి ఎల్సా వల్లే వచ్చిందని అనలేం.

మన తెలుగు తీరానికి ఇంత పెద్ద పరీక్ష ఎదురవలేదు. 2020 అక్టోబర్‌లో వాయుగుండం దెబ్బకు బంగ్లాదేశ్ ఓడ ఎంవీ మా విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కినప్పుడు చమురు బయటికి రాకుండా తోడేయగలిగారు. జనం సెల్ఫీలు దిగారు. అదే కాకినాడ దగ్గర పెద్ద ఓడ పగిలిందనుకోండి. అంచనా హైదరాబాద్ నుంచి, కోస్ట్ గార్డ్ విశాఖ నుంచి, ఓడల డైరెక్టర్ జనరల్ ముంబయి నుంచి, దావా అమరావతిలో, పర్యావరణ ఫిర్యాదు చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ ధర్మాసనం ముందు. ఒడ్డున తోడిపోయాల్సింది మాత్రం అక్కడి కలెక్టర్, మునిసిపాలిటీ, ఊరి జనం.

అసలు ఓడే లేకుండా ఒలికితే ఈ పరిహార ఒప్పందాల్లో ఒక్కటీ అక్కరకు రాదు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వరదల్లో చెన్నై దగ్గరి మణలి రిఫైనరీ వైపు నుంచి చమురు ఎన్నూరు కాలువలోకి చేరింది. అక్కడ నడిచింది పర్యావరణ చట్టాలు, గ్రీన్ ట్రిబ్యునల్ విచారణే. విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ దాకా వచ్చే పైపులైనుకైనా, చర్లపల్లి డిపోల నుంచి బయల్దేరే ట్యాంకర్ లారీలకైనా కోస్ట్ గార్డ్ ప్రణాళిక వర్తించదు. డిపోల్లాంటి ప్రమాదకర స్థావరాల విషయంలో గేటు లోపలి ప్రణాళిక కంపెనీ రాయాలి, గేటు బయటిది జిల్లా యంత్రాంగం రాయాలి. ఇది 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో ఉంది. జిల్లా స్థాయిలో సంక్షోభ బృందాలుండాలని 1996 నిబంధనలు చెబుతాయి. లారీ బోల్తా పడి చమురు చెరువులోకి పారితే ఆ బృందంలో ఎవరికి ముందు ఫోన్ చేయాలో అక్కడి సర్పంచ్‌కు తెలిసుండాలి. మన జిల్లాల్లో ఎంతమందికి తెలుసో కలెక్టరేట్లలో అడిగి తెలుసుకోవాల్సిన విషయమే.