చైన్‌సా పంటికి ఆకురాయి పదును

చైన్‌సా, అంటే పళ్ల గొలుసు తిరిగే మోటారు రంపం. దాని గొలుసు మొద్దుబారిందో లేదో తెలుసుకోవడానికి పంటిని పరీక్షించనక్కరలేదు, కింద రాలినదాన్ని చూస్తే చాలు. దుంగను అడ్డంగా కోస్తున్నప్పుడు పదునున్న గొలుసు మందపాటి పేళ్లను విసురుతుంది. మొద్దుబారినది మెత్తటి పొట్టును రాలుస్తుంది. బలంగా నొక్కితే గాని కోత దిగడం లేదన్నా, కొయ్యలోంచి పొగ లేస్తోందన్నా, ఇంజన్ ఆపి ఆకురాయి అందుకోవాలి.

ఈ గొలుసు పన్ను చేతిరంపపు పన్నులా పనిచేయదు. తొలినాటి మోటారు రంపాల గొలుసులకు చేతిరంపం తరహా పళ్లే ఉండేవి. అవి కొయ్యను గీకుతూ పోయేవి, త్వరగా అరిగిపోయేవి. అమెరికాలోని ఆరెగాన్ అడవుల్లో చెట్లు కొట్టే పనిచేసిన జోసెఫ్ కాక్స్, 1946లో ఒక పెంకుపురుగు లార్వా తన దవడలతో కొయ్యను ఎడమకూ కుడికీ తొలుచుకుంటూ పోవడం గమనించాడు. ఆ దవడల వంపును అనుకరించి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి తిరిగిన పళ్ల గొలుసును తయారుచేసి 1947లో పోర్ట్‌లాండ్‌లో కంపెనీ పెట్టాడు. నేటి గొలుసుల్లో ఎక్కువ భాగం ఆ నమూనా నుంచి వచ్చినవే.

ప్రతి పంటిలోనూ వెనుక కోసే అంచు, దాని ముందు లోతును అదుపుచేసే చిన్న గుబ్బ ఉంటాయి. వడ్రంగి చిత్రికలో ఉలి అడుగుభాగం కన్నా ఎంత కిందికి దిగి ఉంటే అంత మందాన పేడు లేచినట్లే, ఇక్కడ గుబ్బ కన్నా అంచు ఎంత ఎత్తుగా ఉంటే కోత అంత లోతుగా దిగుతుంది. చాలా గొలుసుల్లో ఈ తేడా 0.65 మిల్లీమీటర్లు. సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో పరుగెత్తే గొలుసు కోత తీరు అంతా ఈ కొద్దిపాటి తేడా మీదే నడుస్తుంది. అందుకే అంచుకు మాత్రమే పదును పెట్టి, గుబ్బను పట్టించుకోకపోవడం సగం పని అని నా నమ్మకం.

అంచుకు వాడేది గుండ్రటి ఆకురాయి. పంటి పైరేకునూ పక్కరేకునూ ఒకే తోపుతో సానపట్టడం ఆ గుండ్రదనం వల్లే సాధ్యమవుతుంది. 0.325 అంగుళాల పిచ్ (వరుసగా ఉన్న మూడు రివెట్ల మధ్య దూరంలో సగం) గొలుసుకు సాధారణంగా 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి, మామూలు 3/8 అంగుళాల పిచ్ గొలుసుకు 5.5 మిల్లీమీటర్లది సరిపోతాయి. ఆకురాయి వ్యాసంలో అయిదో వంతు పైరేకు కన్నా ఎత్తుగా కనబడాలి. అంతకన్నా కిందికి దిగితే అంచు కొక్కెంలా వంగి, పలచబడి, మొదట చురుగ్గా కోసినా త్వరలోనే విరుగుతుంది; పైకి పోతే అంచు వెనక్కి వాలి కొయ్యలో దిగనే దిగదు. పైనుంచి చూస్తే, గొలుసుకు లంబమైన గీత నుంచి ఆకురాయి వాలే కోణం చాలా గొలుసులకు 30 డిగ్రీలు.

తోపు ఎప్పుడూ పంటి లోపలి నుంచి బయటికే సాగాలి. పంటి బయటి ముఖానికి పలుచటి క్రోమియం పూత ఉంటుంది, అది ఉక్కు కన్నా చాలా గట్టిది. బయటి నుంచి రుద్దితే పూత పెచ్చులూడుతుంది, ఆకురాయి పళ్లూ పాడవుతాయి. ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది కనుక వెనక్కి తెచ్చేటప్పుడు పైకెత్తాలి. ఎడమ పళ్లకూ కుడి పళ్లకూ సమానంగా తోపులు పడాలి, ఒక వైపు పళ్లు పొట్టివైతే కోత ఒక పక్కకు వంకరపోతుంది. వెలుతురులో పట్టి చూసినప్పుడు అంచు వెంట సన్నటి తెల్లటి మెరుపు కనబడితే అక్కడ ఇంకా మొద్దుతనం మిగిలి ఉన్నట్టే.

పైరేకు వెనక్కి వాలుగా ఉంటుంది కాబట్టి రుద్దేకొద్దీ అంచు పొట్టిదవడమే కాక కిందికి కూడా దిగుతుంది. గుబ్బ మాత్రం అలాగే నిలిచి, 0.65 మిల్లీమీటర్ల తేడా కరిగిపోతుంది. కొన్నిసార్లు పదును పెట్టాక గుబ్బను చదునైన ఆకురాయితో, కొలతపట్టీ పెట్టి తగ్గించి, దాని ముందు మూలను గుండ్రంగా చేయాలి. ఎక్కువ తగ్గిస్తే పన్ను కొయ్యను అతిగా పట్టుకుని, మిషన్ మనిషి మీదికి ఎదురుతన్నే ప్రమాదం పెరుగుతుంది.

గ్రైండర్ చక్రం పని త్వరగా ముగిస్తుంది నిజమే, కానీ అజాగ్రత్తగా నొక్కితే అంచు నీలంగా మారేంత వేడెక్కి ఉక్కు పటుత్వం పోతుంది. ఆకురాయితో ఆ భయం లేదు, కరెంటూ అక్కరలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖపట్నంలో చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయాయి, విద్యుత్ సరఫరా ఆగిపోయింది. అటువంటి చోట కూలిన చెట్ల బెరడులో ఇసుక, మట్టి చేరి ఉంటాయి. వాటికి తగిలిన పన్ను చూస్తుండగానే మొద్దుబారుతుంది. అలాంటి పనికి వెళ్లేవారి సంచిలో సరైన కొలత ఆకురాళ్లు, కొలతపట్టీ, మందపాటి చేతి తొడుగులు తప్పనిసరిగా ఉండాలి. చాలా గొలుసుల పైరేకు మీద అరుగుదల గీటు ఉంటుంది. పన్ను ఆ గీటు దాకా అరిగాక ఇక రుద్దకుండా గొలుసు మార్చాలి.