ధ్రువాల మంచు పెరుగుతోందా? అపోహలు - వాస్తవాలు

అనంతపురం జిల్లాలో శెనక్కాయ రైతులకు వాన కబురు, విత్తే అదను చెప్పడం నా పని. ఈమధ్య ఏ ఊరికెళ్లినా ఎవరో ఒకరు ఫోన్‌లో వచ్చిన మెసేజీ చూపించి, ‘సార్, ఉత్తర ధ్రువంలో మంచు పెరిగిందంట కదా, భూమి వేడెక్కుతోందనేది ఉత్త మాటేనా?’ అని అడుగుతున్నారు. మంచి ప్రశ్నే, అందుకే వివరంగా రాస్తున్నా.

అపోహ: ఒక్క ఏడాదిలోనే ఉత్తర ధ్రువంలో మంచు బాగా పెరిగింది, అంటే వేడి తగ్గినట్టే.

ఈ మాట 2013 నుంచి తిరుగుతోంది, ఆ ఏడు మంచు పెరిగిందన్నది నిజమే. 2012 సెప్టెంబరులో ఆర్కిటిక్ (ఉత్తర ధ్రువం) సముద్రపు మంచు సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది, మరుసటి ఏడు 50 లక్షలు దాటింది. కానీ 1980ల్లో అదే నెలలో 70 లక్షలకు అటూ ఇటూగా ఉండేదని ఆ మెసేజీ చెప్పదు. మనకు ఒక ఏడు వానలు బాగా పడి కాయ బాగా దిగిందనుకోండి, ఇక కరువు పోయిందని అప్పులు చేసి బోర్లు వేస్తామా? వాతావరణం మారిందో లేదో తేల్చాలంటే కనీసం 30 ఏళ్ల లెక్క చూస్తాం, ఒక ఏడుది కాదు.

అపోహ: అంటార్కిటికాలో (దక్షిణ ధ్రువంలో) మంచు పెరుగుతోంది.

2014లో అక్కడి సముద్రపు మంచు 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటి రికార్డు కొట్టింది, నిజం. 2023 ఫిబ్రవరిలో అదే మంచు అప్పటిదాకా ఎన్నడూ లేనంత తక్కువకు పడిపోయింది. అయినా సముద్ర మట్టం పెంచేది నీళ్ల మీద తేలే మంచు కాదు, నేల మీది మంచు. ఒక్క గ్రీన్‌లాండ్ నుంచే 2002 తర్వాత ఏడాదికి సగటున 25 వేల కోట్ల టన్నులకు పైగా కరిగి సముద్రంలో కలుస్తోంది.

అపోహ: భూమి వేడెక్కడమంతా సూర్యుడి వల్లే.

సూర్యుడే కారణమైతే పై వాతావరణం కూడా వేడెక్కాలి. అక్కడ చల్లబడుతోంది, కింద మాత్రమే వేడెక్కుతోంది.

ఇంకో అపోహ మన వైపు నుంచే వస్తోంది, దీన్నీ ఒప్పుకోను: మన కరువంతా గ్లోబల్ వార్మింగ్ వల్లేనని. నైరుతి మేఘాలు పశ్చిమ కనుమల అవతలే చాలావరకు కురిసేస్తాయి, మన జిల్లాకు ఏడాదికి 550 మిల్లీమీటర్లు దక్కడమే గొప్ప, ఇది తాతల కాలం నుంచీ ఉన్నదే. వేడి పెరిగితే మారేది పదను, అంటే నేలలోని తడి. గాలి ఎంత వేడిగా ఉంటే నేలలోని తేమను అంత గబగబా లాగేస్తుంది, కాయ కట్టడానికి శెనగ ఊడలు నేలలోకి దిగే వేళ వాన పది రోజులు మొహం చాటేస్తే ఇదివరకు ఎలాగో తట్టుకున్న చేను ఇప్పుడు వారానికే వాడిపోతుంది.