ఇరవై కిలోమీటర్ల పల్లెబాట నడక: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో మా నడక బృందానికి దారి చూపించే పని నాది. చలికాలంలో శ్రీకూర్మం దగ్గర తెల్లవారుతూనే బయల్దేరి, శాలిహుండం కొండ మీదుగా కళింగపట్నం బీచ్ దాకా వెళ్తాం. తారు రోడ్డు వీలైనంత తప్పించి గట్లు, చెరువు కట్టలు, ఊళ్ళ మధ్య బాటలు పట్టుకుంటాం కాబట్టి ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా తేలుతుంది. కొత్తగా వచ్చేవాళ్ళ నోట కొన్ని మాటలు ప్రతిసారీ వింటుంటాను. వాటిలో మనిషిని ఆసుపత్రిపాలు చేసేవి కూడా ఉన్నాయి, అందుకే రాస్తున్నాను.

అపోహ: రోజూ పార్కులో గంట నడుస్తాను, ఇరవై కిలోమీటర్లు నాకో లెక్కా?

రోజూ నడిచే అలవాటు చాలా మంచిది. కానీ పార్కులో గంటకు ఐదు కిలోమీటర్లు నడిచే మనిషి పొలం గట్టు మీద మూడుకు పడిపోతాడు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్కను ఇప్పటికీ వాడుతున్నారు: చదునులో గంటకు దాదాపు ఐదు కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. మన దారుల్లో ఎక్కడం తక్కువ, ఆగడం ఎక్కువ. కాలవ దాటాలి, బూట్లకంటిన బురద గీరుకోవాలి, ఎదురొచ్చే గేదెల మందకు దారివ్వాలి. నేను గంటకు మూడున్నరే వేసుకుంటాను. భోజనం, కొండ మీద గడిపే సమయం కలిపితే మొత్తం ఎనిమిది గంటలు.

పైగా గుంపుగా వెళ్ళేటప్పుడు అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిదే అసలు వేగం. ముందు పోయినవాళ్ళు చెట్టు కింద పావుగంట కూర్చుంటారు. వెనకబడిన మనిషి రొప్పుతూ వచ్చేసరికి "పదండి పదండి" అని లేచిపోతారు. ఎవరికి విశ్రాంతి కావాలో వాళ్ళకే దొరకదు! అందుకని మా దగ్గర ఆఖరి మనిషి కూర్చున్నాకే విరామం మొదలైనట్టు లెక్క. ఈ ఒక్క నియమం నేను ఎవరికోసమూ సడలించను.

అపోహ: నీళ్ళు ఎంత తాగితే అంత మంచిది

చెమటలో నీళ్ళతోపాటు ఉప్పు కూడా పోతుంది. దాహం లేకపోయినా గంటల తరబడి వట్టి నీళ్ళే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, తికమక, ముదిరితే ఫిట్స్. పక్కవాళ్ళు అది ఎండదెబ్బ అనుకుని ఇంకో సీసా తాగిస్తారు, దాంతో పరిస్థితి ఇంకా విషమిస్తుంది. దాహాన్ని బట్టి తాగండి, మధ్యమధ్య ఉప్పు వేసిన మజ్జిగో చోడి (రాగి) అంబలో పడాలి. ఓఆర్ఎస్ అయితే లీటరుకు అని రాసిన ప్యాకెట్‌ను లీటరు నీళ్ళలోనే కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ పోసుకోవడం తప్పు. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు సంగతి ముందే డాక్టర్ని అడగాలి.

సముద్రపు గాలి ఉంది కాబట్టి ఎండ తగలదన్నది కూడా నిజం కాదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, తీరం గాలిలో తేమకు అది త్వరగా ఆరదు. ఫిబ్రవరి దాటాక ఈ దారి పెట్టుకోం.

"ముందే ఒక నొప్పి బిళ్ళ వేసుకుంటే రాత్రికి కాళ్ళు పీకవు" అంటారు కొందరు. దయచేసి వద్దు. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీలకు వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. మన ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బు కారణాలు వేరే సంగతి, కానీ కిడ్నీ పోతే ఇల్లు ఎలా కుదేలవుతుందో మన జిల్లావాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు.

బూట్లు కొత్తవి కొనకండి, అలవాటైనవే వేసుకోండి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏవీ చేయకూడదు. కాలు కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి.

అపోహ: కోత అయిపోయిన పొలంలో ఎటైనా నడవొచ్చు

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. చూడ్డానికి అక్కడ కొయ్యకాళ్ళే ఉంటాయి. కానీ రైతులు కోతకు రెండు మూడు రోజుల ముందే, నేలలో పదునుండగానే, వరిలో మినుములు, పెసలు చల్లేస్తారు. వంగి చూస్తే కొయ్యకాళ్ళ మధ్య రెండాకుల మొలకలు కనిపిస్తాయి. దగ్గరదారి అని పాతికమంది అడ్డంగా నడిస్తే ఒక ఇంటి రెండో పంటలో ఒక చాలు పోయినట్టే. గట్టు మీదే, ఒకరి వెనక ఒకరు వెళ్ళాలి. గట్టున కంది వేసి ఉంటే మొక్క విరగకుండా పక్కకు ఒదిగి నడవాలి. కల్లంలోకి చెప్పులతో అడుగుపెట్టకూడదు, ఫోటో కోసమైనా సరే.

దారంతా ఫోనే చూపిస్తుందన్న ధీమా కూడా పనికిరాదు. మ్యాపులో గెడ్డ (వాగు) ఒక గీత, అందులో ఇవాళ నీళ్ళెంత ఉన్నాయో ఊళ్ళోవాళ్ళకే తెలుసు. "ఇంకెంత దూరం?" అనడిగితే "దగ్గిరే" అంటారు. "అమ్మా, ఇటు వెళ్తే గెడ్డ దాటగలమా?" అనడగండి. "మొన్నటి వానకి నీల్లున్నాయి బాబూ, కట్ట మీంచి ఎల్లిపోండి" అని సరిగ్గా కావలసిన ముక్క చెప్తారు.

టైం కలిసొస్తుందని శాలిహుండం కొండ ఎక్కకుండా పోదామనేవాళ్ళూ ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు 1919లో వెలుగులోకి తెచ్చిన బౌద్ధ స్తూపాలు అక్కడున్నాయి, కింద వంశధార. ఆ గంట కోసం వేరేచోట తగ్గించుకుంటాం గానీ కొండ వదలం.

మొదలుపెట్టాక మధ్యలో ఆపితే పరువు తక్కువ అనుకోవడం చివరి అపోహ, ప్రమాదకరమైనది కూడా. డిసెంబరులో ఐదున్నరకల్లా పొద్దుపోతుంది. శాలిహుండం నుంచి కళింగపట్నానికి మా వేగంతో రెండు గంటలు పైనే. అందుకే మధ్యాహ్నం రెండున్నరకి కొండ దిగకపోతే మిగతా దూరం ఆటోలో వెళ్తాం. ఆటో అతని నంబరు ముందువరసలో ఒకరి దగ్గర, వెనకవరసలో ఒకరి దగ్గర ఉంటుంది.