టేపుతో తేలే కొవ్వు శాతం వెనుక ఎనభై ఏళ్ల కథ

ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు, నడుము 88, మెడ 37 సెంటీమీటర్లు ఉన్న 35 ఏళ్ల పురుషుడిని ఊహించుకుందాం. ఇంటర్నెట్‌లో విరివిగా కనిపించే కాలిక్యులేటర్‌లో ఈ కొలతలు నింపితే ఒంట్లో కొవ్వు 20.8 శాతం అని వస్తుంది. ఎత్తు, బరువు, వయసు, లింగం మాత్రమే అడిగే ఇంకో కాలిక్యులేటర్ 21.7 అంటుంది. ఎత్తును నడుము కొలతతో భాగించే మూడోది 25.4 అని తేలుస్తుంది. మనిషి ఒక్కడే, కొలతలూ అవే. నిజమేదో తేల్చుకుందామని నాలుగోదాన్ని తెరిచేవారు కోకొల్లలు. దానివల్ల మరో అంకె చేరుతుందే తప్ప ఒరిగేదేమీ ఉండదు. కూడికలు, తీసివేతలు అన్నీ సరిగానే చేస్తున్నాయి. ఆ సూత్రాలను వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం, వేర్వేరు జనాన్ని కొలిచి తయారుచేశారు. చిక్కంతా అక్కడుంది.

బతికున్న మనిషి ఒంట్లోని కొవ్వును విడదీసి తూచడం అసాధ్యం. కాబట్టి ఈ రంగంలో ప్రతి పద్ధతీ మరేదో కొలిచి, దాని నుంచి కొవ్వును ఊహిస్తుంది. ఆ ఊహకు శాస్త్రీయ రూపం ఇచ్చినవారిలో ముందుగా చెప్పుకోవలసింది అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెన్కీని. ఆయనకు లావు, సన్నం గోల ఏమీ లేదు. లోతైన సముద్రంలోకి దిగే ఈతగాళ్ల ప్రాణాలు కాపాడటం ఆయన పని. నైట్రోజన్ నీటిలో కంటే కొవ్వులో దాదాపు 5 రెట్లు ఎక్కువగా కరుగుతుంది. ఒంట్లో కొవ్వు ఎక్కువైతే నైట్రోజనూ ఎక్కువగా నిలుస్తుంది, పైకి వచ్చేటప్పుడు అది బుడగలుగా మారే ప్రమాదమూ ఎక్కువే. అందుకే ఆయనకు కొవ్వు లెక్క కావలసి వచ్చింది.

ఆయన ఎంచుకున్న దారి ఆర్కిమెడీస్ చూపినదే. మనిషిని ముందు గాలిలో తూచాలి. తర్వాత కాటాకు వేలాడదీసిన కుర్చీలో కూర్చోబెట్టి, ఊపిరి మొత్తం వదిలించి, తలతో సహా నీటిలో ముంచి మళ్లీ తూచాలి. ఎంత వదిలినా ఊపిరితిత్తుల్లో మిగిలిపోయే గాలిని విడిగా లెక్కించి తీసేయాలి. రెండు తూకాల తేడా నుంచి శరీర సాంద్రత వస్తుంది. కొవ్వు నీటి కంటే తేలిక, కండ, ఎముక బరువు. సాంద్రత తగ్గినకొద్దీ కొవ్వు ఎక్కువని అర్థం.

1942లో బెన్కీ బృందం 25 మంది వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్లను ఇలా ముంచి తూచింది. ఎత్తు, బరువుల పట్టిక ప్రకారం చూస్తే వారిలో 17 మంది అధిక బరువు కారణంగా సైన్యంలో చేరడానికి పనికిరారు. నీటి తొట్టి వేరే మాట చెప్పింది: ఆ బరువులో అధిక భాగం కండ. బరువును చూసి లావని తీర్మానించడం ఎంత పొరపాటో ఆ ఒక్క పరీక్షతో తేలిపోయింది.

అయితే సాంద్రత వేరు, కొవ్వు శాతం వేరు. ఒకదాన్ని రెండోదానిగా మార్చడానికి వంతెన కావాలి. ఇప్పటికీ వాడుకలో ఉన్న వంతెనను కట్టినది బర్క్‌లీలో పనిచేసిన జీవభౌతిక శాస్త్రవేత్త విలియం సిరి. (ఈయన పర్వతారోహకుడు కూడా, 1963లో ఎవరెస్టు ఎక్కిన అమెరికా బృందానికి ఉపనాయకుడు.) 495ను సాంద్రతతో భాగించి 450 తీసేస్తే కొవ్వు శాతం. లెక్క చూడటానికి ఎంతో తేలిక. దాని అడుగున ఒక నమ్మకం ఉంది: మనుషులందరిలో కొవ్వు సాంద్రత (ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో) 0.9, కొవ్వు కాని మిగతా శరీర సాంద్రత 1.1. మొదటి అంకెతో పేచీ లేదు. రెండోదే అనుమానం. కొవ్వు కాని భాగంలో నీరు, మాంసకృత్తులు, ఎముకల్లోని ఖనిజాలు అన్నీ కలిసి ఉంటాయి. ఆ పాళ్లు వయసుతో, వ్యాయామంతో, జాతితో మారుతాయి. ఈ 1.1కు మనుషుల్లో రసాయనిక పరీక్ష ఆధారమంతా ఆ రోజుల్లో చేతివేళ్ల మీద లెక్కపెట్టదగిన శవాలే. జోసెఫ్ బ్రొజెక్ బృందం 1963లో ఇచ్చిన మరో ప్రసిద్ధ సూత్రానికి ఆధారమైన ‘నమూనా శరీరం’ ముగ్గురు మగవారి శవాల నుంచి వచ్చింది. సిరి మాత్రం నిజాయితీపరుడు. సాంద్రతను పొల్లు పోకుండా కొలిచినా, మనిషికీ మనిషికీ ఉండే సహజమైన తేడాల వల్ల కొవ్వు శాతంలో దాదాపు 4 పాయింట్ల అనిశ్చితి తప్పదని ఆయనే లెక్కగట్టాడు. సూత్రం లోకమంతా పాకింది. ఆ హెచ్చరిక కాగితాల్లోనే ఉండిపోయింది.

ఈ వంతెన ఎక్కడ విరుగుతుందో చూడాలంటే గణాంకశాస్త్ర విద్యార్థులకు బాగా పరిచయమైన ఒక పట్టిక చాలు. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో కొలిచిన 252 మంది పురుషుల వివరాలు అందులో ఉన్నాయి: నీటి తూకంతో వచ్చిన సాంద్రత, మెడ, ఛాతీ, పొట్ట, తొడ, మణికట్టు చుట్టుకొలతలు. 182వ వరుసలోని వ్యక్తి సాంద్రత 1.1089. సిరి సూత్రంలో వేస్తే కొవ్వు మైనస్ 3.6 శాతం వస్తుంది. ఒంట్లో ఉన్న కొవ్వు సున్నా కంటే తక్కువ! పట్టికలో దాన్ని 0 అని నమోదు చేశారు. సున్నా కొవ్వుతో ఏ మనిషీ బతకడు. ఇంతా చేసి, ఇది టేపు కొలతలకు గీటురాయిగా భావించిన పద్ధతి.

ఇక నీటి తొట్టి అందరికీ అందుబాటులో ఉండదు కాబట్టి చవకైన ప్రత్యామ్నాయాలు పుట్టుకొచ్చాయి. 1974లో డర్నిన్, వోమర్స్‌లీ 481 మంది స్త్రీ పురుషులను పరీక్షించి, నాలుగు చోట్ల చర్మాన్ని పటకారు లాంటి పరికరంతో మడిచి, ఆ మందం నుంచి సాంద్రతను అంచనా వేసే సూత్రాలు ఇచ్చారు. పట్టుకునే చెయ్యి మారితే అంకె మారేది. జాక్సన్, పోలాక్ సూత్రాలు పురుషులకు 1978లోనూ, స్త్రీలకు 1980లోనూ వచ్చాయి. జిమ్ములలో ఇవే ఇంకా నడుస్తున్నాయి.

ఆన్‌లైన్ కాలిక్యులేటర్ల అసలు కథ 1981లో మొదలవుతుంది. బరువు పట్టికను దాటిన సైనికులను కొవ్వు శాతం చూసి తేల్చాలని ఆ ఏడాది అమెరికా రక్షణ శాఖ ఆదేశించింది. లక్షల మందిని, ఓడల మీద ఉన్నవారితో సహా, నీటి తొట్టెల్లో ముంచడం కుదిరే పని కాదు. శాన్ డియాగోలోని నౌకాదళ ఆరోగ్య పరిశోధనా కేంద్రంలో హాడ్జ్‌డన్, బెకెట్ 602 మంది పురుషులను, 214 మంది స్త్రీలను టేపుతో కొలిచి, నీటిలో తూచి, రెండింటినీ కలిపే సూత్రాలను 1984లో వెలువరించారు. పురుషులకు బొడ్డు దగ్గర చుట్టుకొలతలోంచి మెడను తీసేయాలి. స్త్రీలకు నడుము, తుంటి కలిపి మెడను తీసేయాలి. వాటి లాగరిథం, ఎత్తు లాగరిథం కలిసి సాంద్రతను ఇస్తాయి. చివర మళ్లీ సిరి గారి 495, 450.

మెడ ఎందుకు? పొట్ట పెరగడంలో కొవ్వు వాటా ఎక్కువ, మెడ మందంలో కండ వాటా ఎక్కువ అన్న పరిశీలనే దీనికి మూలం. పెద్ద శరీరం వల్ల పెద్దదైన నడుమును కొవ్వుగా పొరబడకుండా మెడ కొలత అడ్డుపడుతుంది. అదే సూత్రం ప్రకారం మెడను వ్యాయామంతో లావు చేసుకుంటే పొట్టలో ఒక్క గ్రాము తగ్గకుండానే కొవ్వు శాతం తగ్గిపోతుంది. సూత్రం అలా మోసపోతుందే గాని కొవ్వు మోసపోదు.

ఈ సూత్రానికి పురుషుల విషయంలో ప్రామాణిక దోషం దాదాపు 3.5 పాయింట్లు, స్త్రీలకు కాస్త ఎక్కువ. అంటే 20 శాతం అని వచ్చిన మగవారిలో మూడింట రెండు వంతుల మంది నీటి తూకంలో 16.5కు, 23.5కు మధ్య ఉంటారు. మిగతావారు ఆ గీతలకు బయటే. ఈ 3.5 నీటి తూకంతో పోల్చి కట్టినది. నీటి తూకానికే సిరి చెప్పిన అనిశ్చితి ఉందని మరువరాదు. అంచనాను మరో అంచనాతో సరిపోల్చి, దశాంశ స్థానం దాకా చూపిస్తున్నారన్నమాట.

కొలిచే చేతి సంగతి వేరే. మొదట చెప్పిన మనిషి నడుము దగ్గర టేపును కొంచెం వదులుగా పట్టి 90 అని, మెడ దగ్గర కొంచెం బిగించి 36 అని రాసుకున్నాడనుకోండి. 20.8 కాస్తా 22.9 అవుతుంది. రెండు సెంటీమీటర్లు, ఒక సెంటీమీటరు: అంతే తేడా. పైగా నౌకాదళ సూత్రం పురుషుల పొట్టను బొడ్డు దగ్గర కొలవమంటుంది, స్త్రీల నడుమును సన్నని చోట. చాలా కాలిక్యులేటర్లు ఈ తేడా చెప్పకుండా ‘నడుము’ అని ఒక్క గడి పెట్టి వదిలేస్తాయి. బెల్టు పెట్టుకునే చోట కొలిచినవాడికి ఒక శాతం, బొడ్డు దగ్గర కొలిచినవాడికి మరో శాతం. నౌకాదళం తన కొలతల్లో మెడను దగ్గరి అర అంగుళానికి పైకి, పొట్టను దగ్గరి అర అంగుళానికి కిందికి సవరించుకునేది. సందేహం వస్తే నావికుడి పక్షాన నిలవాలన్న ఏర్పాటది. శాతాన్నీ పూర్ణాంకానికే కుదించేవారు. టేపు ఎంత మోటు పనిముట్టో దాన్ని వాడేవారికి తెలుసు.

టేపు కూడా అక్కర్లేని రకం 1991 నాటిది. నెదర్లాండ్స్‌లో డ్యూరెన్‌బర్గ్ బృందం 1,229 మందిని కొలిచి, బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె), వయసు, లింగంతో కొవ్వు శాతం చెప్పే సూత్రం ఇచ్చింది. సగటు జనం మీద ఫరవాలేదు. మొదటి మనిషికి వచ్చిన 21.7 దీనిదే. అదే ఎత్తు, అదే వయసులో 82 కిలోల బరువు, 82 సెంటీమీటర్ల నడుము, 41 సెంటీమీటర్ల మెడ ఉన్న కండలు తిరిగినవాడిని తీసుకోండి. నౌకాదళ సూత్రం 12.8 అంటుంది, బీఎంఐ సూత్రం 25.9 అంటుంది. బరువు కండదా, కొవ్వుదా అని అడిగే గడే లేనప్పుడు మరో జవాబు ఎలా వస్తుంది? 1942లో ఆ 17 మంది ఆటగాళ్లకు పట్టిక చేసిన అన్యాయం ఇదే.

రెండో వైపు దెబ్బ ఇంకా తీవ్రమైనది. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్య పరిశోధకులు, పుణెకు చెందిన యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యుడ్‌కిన్, తమ శరీరాలనే పక్కపక్కన పెట్టి చూపారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఎక్స్‌రేలతో కొవ్వు, కండ, ఎముకలను వేరుచేసి చూపే డెక్సా స్కాన్‌లో యుడ్‌కిన్ కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ కొవ్వు 21.2 శాతం. బీఎంఐతో నడిచే సూత్రానికి వయసు తప్ప వారిద్దరిలో వేరే తేడా కనిపించదు. యూరప్ జనం మీద కట్టిన సమీకరణం దక్షిణాసియా శరీరాల్లోని కొవ్వును తక్కువగా చూపే ప్రమాదం ఉందని దీన్నిబట్టి అర్థమవుతుంది. ‘మీరు ఆరోగ్యంగా ఉన్నారు’ అని ఆకుపచ్చ రంగులో వచ్చే తప్పు, ఎర్ర రంగులో వచ్చే తప్పు కంటే హానికరం అని నా అభిప్రాయం. రెండోదానికి కనీసం వైద్యుడి దగ్గరికి వెళతారు.

2018లో వచ్చిన మూడో రకం సూత్రం పురుషులకు 64లోంచి, స్త్రీలకు 76లోంచి, ఎత్తును నడుముతో భాగించి 20తో హెచ్చించిన అంకెను తీసేస్తుంది. దాన్ని రూపొందించిన వుల్‌కాట్, బెర్గ్‌మన్ నీటి తూకం బదులు డెక్సా స్కాన్‌ను గీటురాయిగా తీసుకున్నారు. నౌకాదళ సూత్రం 20.8 అన్నచోట ఇది 25.4 అనడంలో ఆ మార్పుకూ వాటా ఉంది. రెండు అంకెలూ రెండు వేర్వేరు తూనికరాళ్లతో తూచినవి. ఒకదాని నుంచి ఇంకోదానికి మారి ‘నెలలో నాలుగున్నర శాతం పెరిగాను’ అని బెంగపడటంలో అర్థం లేదు. కాళ్ల కింద పెట్టుకునే విద్యుత్ తూకం యంత్రాలదీ దాదాపు ఇదే బాపతు. శరీరంలో విద్యుత్ ఎంత తేలిగ్గా పారుతుందో చూసి నీటిని, నీటి నుంచి కొవ్వును ఊహిస్తాయి. తాగిన నీళ్లు, పట్టిన చెమట వాటి జవాబును కదిలిస్తాయి.

ఒకే సూత్రం, ఒకే టేపు, ఒకే చోటు, ఒకే వేళ అయితే కాలిక్యులేటర్ అంకె పెరుగుతోందో, తగ్గుతోందో కొంతవరకు చెప్పగలదు. ఎత్తు మారదు, మెడ పెద్దగా మారదు కాబట్టి ఆ కదలిక చాలావరకు నడుము కదలికే. దాన్ని సెంటీమీటర్లలో రాసుకున్నా అదే కబురు అందుతుంది.

సైన్యాలూ చివరికి ఆ వైపే నడిచాయి. 2023లో అమెరికా భూసైన్యం మెడ, తుంటి కొలతలను పక్కనపెట్టి బొడ్డు దగ్గర ఒక్క చుట్టుకొలత, బరువు చాలని నిర్ణయించింది. అదే ఏడాది వైమానికదళం కొవ్వు శాతం జోలికే పోకుండా, నడుమును ఎత్తుతో భాగిస్తే వచ్చేది 0.55 కంటే తక్కువగా ఉండాలన్న నిబంధన పెట్టుకుంది.