నరం నొక్కుకుపోయిందంటే

నడుం నొప్పి కాలికి దిగిందని డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లకి ఈ పరీక్ష బాగా గుర్తుంటుంది. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా కాలిని మెల్లగా పైకి లేపుతారు. ఒక ఎత్తుకు వచ్చేసరికి పిర్ర నుంచి పిక్క దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. డాక్టరు తలాడించి "సయాటికా" అంటారు. పైసా ఖర్చు లేదు, మిషన్ అక్కర్లేదు.

ప్రపంచమంతా దీన్ని లాసెగ్ పరీక్ష అంటుంది. ఫ్రెంచి వైద్యుడు లాసెగ్ 1864లో సయాటికా గురించి రాసిన మాట నిజమే కానీ, ఆ వ్యాసంలో ఈ పరీక్ష ఊసే లేదు. ఆయన శిష్యుడు ఫోర్స్ట్ 1881లో తన థీసిస్‌లో దీన్ని వర్ణించి, ఆ ఘనత గురువుకు ఇచ్చాడు. అంతకు ఏడాది ముందే బెల్‌గ్రేడ్‌లో లాజా లాజరెవిచ్ అనే డాక్టరు ఇదే పరీక్షను సెర్బియన్‌లో రాసి అచ్చేశాడు. సెర్బియన్‌లో రాస్తే పారిస్‌లో ఎవరు చదువుతారు? సొంత భాషలో సైన్సు రాసేవాళ్లందరికీ తెలిసిన బాధే ఇది. లాజరెవిచ్ తన దేశంలో పేరున్న కథకుడు కూడా. సెర్బియాలో ఇప్పటికీ ఆయన్ని ముందు కథలు రాసినాయనగానే తలచుకుంటారు.

కాలు లేపితే నొప్పి ఎందుకొస్తుందో కూడా లాజరెవిచే సరిగ్గా చెప్పాడు. నడుం నుంచి కాలికి దిగే సయాటిక్ నరం సాగుతుంది, అందుకు. ఫోర్స్ట్ మాత్రం తొడ కండరాలు బిగిసి నరాన్ని నొక్కుతాయనుకున్నాడు. 1884లో ద బ్యూర్మన్ అనే మరో ఫ్రెంచి వైద్యుడు ఒక శవంలో ఈ నరం ముక్క తీసేసి, ఆ చోట రబ్బరు గొట్టం అమర్చి, కాలు లేపి చూశాడు. గొట్టం సాగింది. వాదన తేలిపోయింది.

ఒంట్లో ఇంతకంటే లావైన నరం లేదు. నడుం కింద వెన్నులోంచి బయటికొచ్చే ఐదు నరాల వేళ్లు కలిసి ఇది తయారవుతుంది. పిర్ర లోపలి నుంచి తొడ వెనకగా దిగి, మోకాలి దగ్గర రెండు పాయలై పాదానికి పోతుంది. వేరు దగ్గర తేడా వస్తే పాదం నొప్పి పుట్టేది అందుకే. రోగి కాలు చూపిస్తాడు, డాక్టరు నడుం చూస్తాడు. ఆయుర్వేదంలో దీన్ని గృధ్రసి అంటారు. గృధ్రమంటే రాబందు, కుంటుతూ ఈడ్చే నడకను బట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. యూరప్‌లో చాలాకాలం తుంటి కీలు నొప్పినీ దీన్నీ ఒకే గాటన కట్టేవారు. 1764లో నేపుల్స్‌లో దొమెనికో కొతూన్యో ఇది కీలుది కాదు, నరానిది అని విడదీశాడు.

మరి ఆ నరాన్ని బాధపెడుతున్నది ఏది? సమాధానానికి ఇంకో 170 ఏళ్లు పట్టింది. వెన్ను ఆపరేషన్లలో సర్జన్లకు నరం పక్కన చిన్న మెత్తటి గడ్డలు దొరికేవి. అవి మృదులాస్థి కణితులని రిపోర్టు వచ్చేది. బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు ఆ గడ్డల్ని మళ్లీ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, చాలావాటిలో కణితి లేదు, ఏమీ లేదు. వెన్నుపూసల మధ్య దిండులా ఉండే డిస్క్ చిట్లి, లోపలి గుజ్జు బయటికొచ్చిందంతే. 1934లో వాళ్లు ఈ సంగతి ప్రచురించాక డిస్క్ ఆపరేషన్ల యుగం మొదలైంది. "డిస్క్ జారింది, నరం నొక్కుకుపోయింది" అని ఇవాళ మనమంటున్న మాటకు మూలం అక్కడుంది.

నా లెక్కలో ఆ మాట సగమే నిజం. మోచేతిని బల్లకి ఆనించి పడుకుంటే నరం నొక్కుకుని చేయి మొద్దుబారుతుంది, తిమ్మిరెక్కుతుంది. నెలల తరబడి సలపదు కదా. వట్టి ఒత్తిడే కారణమైతే సయాటికా కూడా మొద్దుబారి ఊరుకోవాలి.

దీన్ని అమెరికాలో కుస్లిచ్ అనే సర్జన్ బృందం నేరుగా మనుషుల్లోనే చూసింది. నడుం దగ్గర మాత్రమే మత్తిచ్చి, రోగి మెలకువగా ఉండగా ఆపరేషన్ చేస్తూ, ఒక్కొక్క భాగాన్నీ తాకి "ఇక్కడ నొప్పా?" అని అడిగారు. 1991లో వచ్చిన ఆ నివేదికలో 193 మంది ఉన్నారు. మామూలుగా ఉన్న నరం వేరును కదిపితే నొప్పి లేదు. డిస్క్ వల్ల అప్పటికే వాచి ఎర్రబడ్డ వేరును తాకితే మాత్రం అదే పాత సయాటికా నొప్పి.

ఆ తర్వాత స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి మరో ముక్క దొరికింది. ఓల్‌మార్కర్, రిడెవిక్ అనే పరిశోధకులు పందుల్లో డిస్క్ గుజ్జు తీసి నరం వేళ్ల మీద ఊరికే పెట్టారు. ఎక్కడా నొక్కలేదు. అయినా కొద్ది రోజుల్లోనే ఆ నరాలు సంకేతాలు మోయడంలో వెనకబడ్డాయి. ఆ గుజ్జుకు రక్తనాళాలు ఉండవు. పుట్టినప్పటి నుంచీ డిస్క్ లోపలే దాగి ఉంటుంది కాబట్టి, బయటికొచ్చాక మన రోగనిరోధక కణాలు దాన్ని కొత్త మనిషిని చూసినట్టు చూస్తాయి. గొడవ మొదలవుతుంది. నరం ఉడుకుతుంది.

ఆ గొడవే మందు కూడా. మాక్రోఫేజ్‌లనే కణాలు వచ్చి బయటపడ్డ గుజ్జును కొరికి తినేస్తాయి. ఇంకా విచిత్రమేమంటే, కొంచెం ఉబ్బిన డిస్క్ కంటే పూర్తిగా తెగి బయటపడ్డ ముక్కే ఎక్కువసార్లు, ఎక్కువగా కరుగుతుంది. స్కానింగులో భయంకరంగా కనబడేదే ముందు మాయమవుతుందన్నమాట.

వాపే అసలు దోషి అయితే వాపు మందులతో పోవాలి కదా అనిపిస్తుంది. ఫిన్లాండ్‌లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఖరీదైన మందుతో ప్రయత్నించారు. మొదట కొద్దిమందికి ఇస్తే అద్భుతంగా పనిచేసినట్టే కనిపించింది. తర్వాత 40 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఉత్త సెలైన్ ఎక్కించి పోలిస్తే తేడా లేకుండా పోయింది. నరాల నొప్పికని మన చీటీల్లో తరచూ కనిపించే ప్రెగాబాలిన్ అనే మందు సంగతీ అంతే. ఆస్ట్రేలియాలో 209 మందితో చేసిన పరీక్షలో (2017) కాలి నొప్పి విషయంలో అది ఉత్తుత్తి మాత్రను దాటలేదు, కళ్లు తిరగడం మాత్రం ఎక్కువైంది. ఇది చదివి వాడుతున్నవాళ్లు ఉన్నట్టుండి మానేయకండి, అది డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాల్సిన మందు.

ఎమ్మారై రిపోర్టులో "బల్జ్" అన్న మాట చదివి రాత్రంతా టెన్షన్ పడేవాళ్ల కోసం ఒక లెక్క. 1994లో అమెరికాలో నడుం నొప్పి లేని 98 మందికి స్కానింగ్ తీస్తే 52 శాతం మందిలో ఎక్కడో ఒకచోట డిస్క్ ఉబ్బి ఉంది. అన్ని డిస్కులూ శుభ్రంగా ఉన్నవాళ్లు 36 శాతమే.

ఇక ఆపరేషన్. నెదర్లాండ్స్‌లో ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రంగా బాధపడుతున్న 283 మందిని తీసుకుని, సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు. మిగతా సగాన్ని ఆగి చూద్దామన్నారు. 2007లో ఫలితాలొచ్చాయి. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు నొప్పి త్వరగా తగ్గింది. ఆగినవాళ్లలో 39 శాతం మంది తట్టుకోలేక చివరికి ఆపరేషన్‌కే వెళ్లారు. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు వైపులా 95 శాతం మంది కోలుకున్నారు. అంటే చాలామందికి ఆపరేషన్ కొనిపెట్టేది కొన్ని నెలల సుఖం. అది తక్కువేం కాదు. రాత్రిళ్లు పక్క మీద ఒత్తిగిల్లలేనివాడికి నెల అంటే ఎంతో వాడినే అడగాలి.

ఈ లెక్క అందరికీ వర్తించదు. మూత్రం బిగబట్టుకుపోవడం, మల విసర్జన మీద పట్టు తప్పడం, కూర్చుంటే నేలకు ఆనే భాగమంతా మొద్దుబారడం, పాదం పైకి లేవక చెప్పు జారిపోవడం, వీటిలో ఏదైనా ఉంటే ఆగి చూడడం కుదరదు. డచ్ వాళ్లు తమ పరీక్షలో మూత్రం పట్టు తప్పినవాళ్లనీ, కాలు బాగా పడిపోయినవాళ్లనీ అసలు చేర్చుకోలేదు. అలాంటివాళ్లను తెల్లారేదాకా ఉంచకుండా ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.