రోహిణి కార్తెలో రోహిణి కనిపించదు

మే నెలాఖరున ఎండలు మండుతుంటే "రోహిణి కార్తె కదా, రోళ్లు పగలాల్సిందే" అంటాం. ఆ రోహిణి ఆకాశంలో ఒక ఎర్రటి నక్షత్రం. కానీ ఆ కార్తె నడిచే రోజుల్లో ఎంత వెతికినా అది కంటికి ఆనదు. సూర్యుడు ఆ దిక్కునే ఉంటాడు కాబట్టి దాదాపు ఆయనతోనే పొడిచి, ఆయనతోనే కుంకుతుంది. రోహిణిని చూడాలంటే డిసెంబరు, జనవరి రాత్రుల్లో డాబా ఎక్కాలి. నడినెత్తికి దగ్గర్లో ఎర్రగా కనిపిస్తుంది, పక్కనే చుక్కల గుత్తిలా కృత్తికలు.

సూర్యుడు ఏడాదిలో చుట్టివచ్చే దారిని మనవాళ్లు 27 భాగాలు చేసి, ఒక్కోదానికి ఒక నక్షత్రం పేరు పెట్టారు. ఒక భాగం దాటడానికి పట్టే కాలమే కార్తె. పంచాంగంలో రోజూ చూసే నక్షత్రం వేరు, అది చంద్రుడిది, రోజుకొకటి మారిపోతుంది. కార్తె మాత్రం పదమూడు పద్నాలుగు రోజులు ఉంటుంది. జూలై మొదట్లో భూమి సూర్యుడికి బాగా దూరంగా ఉండి నెమ్మదిగా కదులుతుంది, అందుకే పునర్వసు కార్తెకు 14 రోజులు పడుతుంది. జనవరి మొదట్లో దగ్గరగా ఉండి వేగంగా పోతుంది, పూర్వాషాఢ 13 రోజులకే ముగుస్తుంది.

రైతు చాంద్రమాన నెలలను కాక కార్తెలను పట్టుకోవడంలో ఎంతో తెలివి ఉంది. ఉగాది 2023లో మార్చి 22న వస్తే, 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. అంత అటూ ఇటూ అయ్యే లెక్కతో విత్తనం వేయలేం. మృగశిర అలా కాదు, ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే ప్రవేశిస్తుంది. తెలంగాణలో మిరుగు అని పిలిచే ఆ రోజున చేపల మార్కెట్లు కిటకిటలాడతాయి.

ఎండ సంగతీ ఈ లెక్కలోనే ఉంది. హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది మే 9 ప్రాంతంలో. ఆ మధ్యాహ్నం నిటారుగా పాతిన కర్రకు నీడే పడదు. తర్వాత కూడా నేల కాగుతూనే ఉంటుంది, వేడిని తగ్గించే నైరుతి మబ్బులు ఇంకా రావు. ఆ ఎడంలో పడుతుంది రోహిణి. ఆ వేడి చల్లారేది మృగశిరలో, "ముంగిళ్లు చల్లబడతాయి" అనే సామెత అందుకే. అయితే కార్తె చెప్పేది సూర్యుడి చోటే, ఆ ఏటి వాన సంగతి కాదు. మబ్బులు వారం ముందో వెనకో వస్తే తప్పు కార్తెది కాదు.

పొలం ముఖం చూడనివాళ్లు కూడా, తెరిచిన నెల్లాళ్లకే మూతపడ్డ దుకాణాన్ని చూసి "మఖలో పుట్టి పుబ్బలో మాడింది" అంటారు. మఖ ఆగస్టు నడుమ, పుబ్బ ఆ నెలాఖరున మొదలవుతాయి. ఆ సామెతలో ఆయుష్షు లెక్క అంత కచ్చితం!

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఇంకొకటి. భూమి అక్షం తిరుగుతున్న బొంగరంలా మెల్లగా ఊగుతోంది. దానివల్ల నక్షత్రాల లెక్కన వచ్చే ఏడాది, రుతువుల ఏడాదికన్నా సుమారు 20 నిమిషాలు ఎక్కువ. చూడ్డానికి చిన్నదే, కానీ 72 ఏళ్లలో ఒక రోజు అవుతుంది, దాదాపు 950 ఏళ్లలో ఒక కార్తె మొత్తం జరిగిపోతుంది. అంటే 11వ శతాబ్దంలో నన్నయ రాజమహేంద్రవరంలో ఉన్న రోజుల్లో మృగశిర కార్తె, ఇప్పటి క్యాలెండర్ లెక్కలో చెప్పుకుంటే, మే 25 ప్రాంతంలోనే మొదలయ్యేది. నైరుతి అప్పుడూ ఇంచుమించు ఇదే వేళకు వచ్చి ఉంటే, ఆయన కాలంలో మృగశిర నాటికి ఏ ముంగిలీ చల్లబడి ఉండదు. ఆ ముంగిళ్ల సామెత నన్నయ తర్వాత పుట్టిందేనని నా ఊహ.